సాగే క్రీడా టేపు

సాగే క్రీడా టేపు అనేది క్రీడాకారులు కండరాలపైన, కీళ్ళపైన చర్మానికి అంటించుకునే జిగురు టేపు. దీనిని నూలుతో నేస్తారు. నేతలో సాగే గుణం గల పోగులు ఉండటం వలన ఇది పొడవునా సాగి, వదిలిన వెంటనే మళ్ళీ ముడుచుకుంటుంది. వాడుకలో దీనిని ఎలాస్టిక్ టేపు, కినీషియో టేపు, కినీసియాలజీ టేపు అని కూడా అంటారు. నీలం, గులాబీ, నలుపు, చర్మపు రంగులలో ఇది విరివిగా లభిస్తుంది. టెన్నిస్, బ్యాడ్మింటన్, వాలీబాల్, ఫుట్‌బాల్, కబడ్డీ, పరుగు పందేల క్రీడాకారుల పిక్కలపైన, మోకాళ్ళపైన, భుజాలపైన ఈ టేపు తరచుగా కనిపిస్తుంది.

ఈ టేపు నొప్పిని తగ్గిస్తుందని, వాపును తీస్తుందని, కండరాలకు బలమిస్తుందని, గాయాలు కాకుండా కాపాడుతుందని తయారీదారులు, కొందరు శిక్షకులు చెబుతారు. వీటిలో నొప్పి కొద్దిగా, కొంతకాలం పాటు తగ్గడం అనే ఒక్క విషయానికే కొంత ఆధారం ఉంది. ఆరోగ్యంగా ఉన్న క్రీడాకారునికి కాలి గాయాలు కాకుండా ఈ టేపు నివారిస్తుందనడానికి నమ్మదగిన నిరూపణ లేదు. చీలమండ బెణుకులను తగ్గించగలవని నిరూపణ అయినవి సాగని గట్టి టేపు, లేసులతో బిగించే చీలమండ తొడుగు, సమతుల్య వ్యాయామాలు. ఈ తేడా తెలియక గాయంపై సాగే టేపు అంటించుకొని ఆట కొనసాగించడం వలన చిన్న గాయం పెద్దదయ్యే ప్రమాదం ఉంది.

పేరు, రకాలు

క్రీడలలో వాడే టేపులు, కట్లు ముఖ్యంగా మూడు రకాలు. ఇవి చూడటానికి ఒకే విధంగా ఉన్నా వాటి పని వేరు.

సాగని గట్టి టేపు: ఇది సాధారణంగా తెల్లగా ఉంటుంది. దీని జిగురులో జింక్ ఆక్సైడ్ కలుపుతారు. ఇది కీలు ఒక హద్దు దాటి కదలకుండా అడ్డుకుంటుంది. ఆటకు ముందు వేసి, ఆట ముగియగానే తీసివేస్తారు.

సాగే టేపు: ఈ వ్యాసం దీని గురించే. ఇది కీలు కదలికను అడ్డుకోదు. మూడు నుండి అయిదు రోజుల వరకు చర్మంపై ఉంచవచ్చు.

క్రేప్ బ్యాండేజీ: మందుల దుకాణాలలో చుట్టగా దొరికే, జిగురు లేని సాగే గుడ్డ కట్టు. గాయమైన తరువాత వాపును అదిమిపెట్టడానికి వాడతారు. దీనికి టేపుతో సంబంధం లేదు.

కినీషియో అనేది కదలిక అనే అర్థం గల గ్రీకు పదం నుండి వచ్చినది. ఇది మొదట ఒక సంస్థ యొక్క వాణిజ్యనామం. తరువాత అనేక సంస్థలు ఇటువంటి టేపులను తయారు చేయడం వలన ఆ పేరు మొత్తం రకానికే వాడుకలోకి వచ్చింది.

చరిత్ర

బెణికిన చీలమండకు జిగురు పట్టీలు వేసి, రోగిని నడిపించే పద్ధతిని అమెరికా వైద్యుడు వర్జిల్ గిబ్నీ 1895లో న్యూయార్క్‌లోని ఒక వైద్య పత్రికలో వివరించాడు. పట్టీలను అడ్డంగా, నిలువుగా బుట్ట అల్లినట్లు ఒకదానిపై ఒకటి వేసే ఈ పద్ధతి కొద్ది మార్పులతో నేటికీ వాడుకలో ఉంది. ఇరవయ్యవ శతాబ్దంలో అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ జట్లలో ఆటకు ముందు చీలమండలకు గట్టి టేపు వేయడం ఒక నిత్యకృత్యంగా మారింది.

సాగే టేపును జపాన్‌కు చెందిన కైరోప్రాక్టర్ కెంజో కాసే 1970వ దశకంలో రూపొందించాడు. గట్టి టేపు కీలును బంధించడం వలన సహజమైన కదలిక తగ్గిపోతున్నదని, చర్మంలా సాగుతూ రోజుల తరబడి ఉండే టేపు కావాలని అతని ఉద్దేశ్యం. 1980వ దశకంలో జపాన్ క్రీడాకారులు, ముఖ్యంగా వాలీబాల్ ఆటగాళ్ళు దీనిని వాడసాగారు. 1990లలో ఇది అమెరికా, ఐరోపా దేశాలకు వ్యాపించింది.

దీనికి ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు తెచ్చినది 2008 బీజింగ్ ఒలింపిక్ క్రీడలు. ఆ క్రీడలకు తయారీ సంస్థ 58 దేశాల జట్లకు 50,000 టేపు చుట్టలను ఉచితంగా ఇచ్చింది. అమెరికా బీచ్ వాలీబాల్ క్రీడాకారిణి కెర్రీ వాల్ష్ భుజంపై నల్లని టేపు టెలివిజన్‌లో చూసినవారికి ఆసక్తి కలిగించింది. 2012 లండన్ ఒలింపిక్స్ నాటికి ఇది దాదాపు అన్ని క్రీడలలోనూ కనిపించసాగింది. గమనించదగిన విషయం ఏమనగా, ఈ టేపు ప్రచారం ముందు జరిగింది, దానిపై పటిష్ఠమైన పరిశోధనలు చాలావరకు తరువాత వచ్చాయి.

నిర్మాణం

సాధారణంగా ఒక చుట్ట 5 సెంటీమీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉంటుంది. నూలు పోగుల మధ్య సాగే పాలిమర్ పోగులు ఉంటాయి. టేపు మందం, బరువు సుమారుగా చర్మం పైపొరకు దగ్గరగా ఉండేటట్లు తయారు చేస్తారు. కనుక అంటించిన కొద్దిసేపటికి అది ఉన్నట్లే అనిపించదు. టేపు పొడవునా మాత్రమే సాగుతుంది, అడ్డంగా సాగదు. విశ్రాంతి పొడవు కంటే సుమారు 40 నుండి 60 శాతం వరకు ఎక్కువగా సాగగలదు.

జిగురు యాక్రిలిక్ జాతికి చెందినది. ఇందులో సాధారణంగా లేటెక్స్ ఉండదు. జిగురును అలల ఆకారంలో పూస్తారు. దీనివలన జిగురు గీతల మధ్య నుండి చెమట, గాలి బయటకు పోతాయి. వేడి తగిలితే జిగురు బాగా పట్టుకుంటుంది. అందువలన అంటించిన తరువాత అరచేతితో రుద్దాలి. వెనుక కాగితంపై టేపును ఇంచుమించు 10 శాతం సాగదీసి అంటించి ఉంచుతారు. కాగితం తీసి నేరుగా చర్మంపై పరచినా కొంత లాగుడు ఉండటానికి కారణం ఇదే.

పనిచేసే విధానంపై ప్రతిపాదనలు

టేపు ఎలా పనిచేస్తుందనే విషయంలో దాని రూపకర్తలు కొన్ని వివరణలు ఇచ్చారు.

మొదటిది, సాగిన టేపు ముడుచుకుంటూ చర్మాన్ని కొద్దిగా పైకి లేపుతుందని, దానితో చర్మం క్రింద రక్తము, శోషరసము సులభంగా ప్రవహించి వాపు తగ్గుతుందని చెబుతారు. టేపు వేసిన చోట చర్మంపై ముడతలు కనబడటం నిజమే. అయితే ముడతలు ఎక్కువగా ఉంటే ఫలితం ఎక్కువగా ఉంటుందని పరిశోధనలలో తేలలేదు.

రెండవది, కండరం మొదలు నుండి చివరి వైపుకు అంటిస్తే కండరం ఉత్తేజితమవుతుందని, చివరి నుండి మొదలుకు అంటిస్తే సడలుతుందని చెబుతారు. ఈ దిశా సిద్ధాంతానికి ప్రయోగాలలో మద్దతు లభించలేదు.

మూడవది, చర్మంపై స్పర్శ వలన కీలు ఏ కోణంలో ఉన్నదో మెదడు మరింత స్పష్టంగా గుర్తిస్తుందని చెబుతారు. 2004లో హాల్సెత్, అతని సహచరులు 30 మందిపై జరిపిన అధ్యయనంలో చీలమండకు సాగే టేపు వేసినా ఈ గుర్తింపు శక్తి మెరుగుపడలేదు.

నాలుగవది, చర్మంలోని స్పర్శ సంకేతాలు నొప్పి సంకేతాలను కొంత అణచివేస్తాయన్నది. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే కొంత ఉపశమనం కలగడం అందరికీ అనుభవమే. టేపు వలన కలిగే స్వల్ప ఉపశమనానికి ఇది కొంతవరకు కారణం కావచ్చు.

క్రీడాకారులలో కాలి గాయాలు

టేపు ఏ గాయానికి పనికివస్తుందో తెలియాలంటే ముందుగా గాయాల స్వభావం తెలియాలి.

చీలమండ బెణుకు: పాదం లోపలి వైపుకు మడతపడినప్పుడు చీలమండ బయటి వైపున ఉండే సంధిబంధనాలు సాగిపోతాయి లేదా చిట్లుతాయి. వీటిలో ఎక్కువగా దెబ్బతినేది ముందువైపున ఉండే టాలోఫిబ్యులర్ లిగమెంటు. గెంతి క్రిందికి దిగేటప్పుడు, మరొకరి పాదంపై కాలు పడినప్పుడు ఈ బెణుకు కలుగుతుంది. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ బెణికే అవకాశం ఎక్కువ. నివారణ చర్యల వలన ఎక్కువ మేలు పొందేది కూడా ఇటువంటివారే.

తొడ వెనుక కండరాల గాయం: వీటిని హామ్‌స్ట్రింగ్ కండరాలు అంటారు. పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు, ముందుకు చాచిన కాలు నేలను తాకబోయే క్షణంలో ఈ కండరాలు సాగుతూనే బిగుసుకోవలసి వస్తుంది. ఆ ఒత్తిడికి కండర తంతువులు చిట్లుతాయి.

మోకాలి గాయాలు: మోకాలి లోపల అడ్డంగా ఉండే ముందరి క్రూసియేట్ లిగమెంటు తెగిపోవడం వీటిలో తీవ్రమైనది. పరుగు మధ్యలో ఒక్కసారిగా దిశ మార్చినప్పుడు, ఒంటికాలిపై దిగినప్పుడు ఇతరుల తాకిడి లేకుండానే ఇది జరగవచ్చు. మోకాలి చిప్ప చుట్టూ వచ్చే నొప్పి మరొక రకం. మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు ఇది ఎక్కువగా తెలుస్తుంది.

పిక్క, మడమ గాయాలు: పిక్క కండరాలు చిట్లడం, మడమ వెనుక ఉండే అకిలిస్ స్నాయుబంధకం దెబ్బతినడం ఈ కోవకు చెందుతాయి.

ఒత్తిడి పగుళ్ళు: ఒకే ఎముకపై పదే పదే భారం పడటం వలన, ఎముక తనను తాను బాగుచేసుకునే వేగం కంటే నష్టం వేగంగా జరిగి సన్నని పగులు ఏర్పడుతుంది. సాధనను ఒక్కసారిగా పెంచినవారిలో ఇవి కనిపిస్తాయి.

పై జాబితాను గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. మొదటిదానిలో తప్ప మిగిలినవాటిలో గాయానికి మూలం కీలు హద్దు దాటి కదలడం మాత్రమే కాదు. కండర బలం, దిగే పద్ధతి, అలసట, సాధన మోతాదు వీటిలో ముఖ్య పాత్ర వహిస్తాయి. చర్మంపై అంటించిన పలుచని గుడ్డ వీటిని మార్చలేదు.

నివారణపై పరిశోధనలు

గట్టి టేపు, తొడుగులు

1973లో గారిక్, రెక్వా అనే పరిశోధకులు అమెరికాలో కళాశాల విద్యార్థుల బాస్కెట్‌బాల్ పోటీలను పరిశీలించి ఫలితాలు ప్రచురించారు. గట్టి టేపు వేసుకున్నవారిలో చీలమండ బెణుకులు వేసుకోనివారితో పోలిస్తే సగం కంటే తక్కువగా ఉన్నాయి. అంతకుముందు బెణుకు వచ్చినవారిలో ప్రయోజనం మరింత ఎక్కువగా కనిపించింది.

అయితే గట్టి టేపుకు ఒక లోపం కలదు. 1962లో రేరిక్, అతని సహచరులు జరిపిన కొలతలలో 10 నిమిషాల తీవ్ర వ్యాయామం తరువాత టేపు ఇచ్చే పట్టు సుమారు 40 శాతం తగ్గిపోయింది. చెమట, కదలికల వలన టేపు వదులు కావడమే దీనికి కారణం. పట్టు తగ్గినా బెణుకులు తగ్గుతున్నాయంటే, టేపు కేవలం గోడలా కాక, కండరాలను అప్రమత్తం చేయడం ద్వారా కూడా పనిచేస్తున్నదేమోనని పరిశోధకులు భావించారు.

లేసులతో బిగించే చీలమండ తొడుగులను ఆట మధ్యలో మళ్ళీ బిగించుకోవచ్చు, ఉతికి మళ్ళీ వాడుకోవచ్చు. 2011లో మెగ్వైన్, సహచరులు అమెరికాలో 1,460 మంది ఉన్నత పాఠశాల బాస్కెట్‌బాల్ క్రీడాకారులపై జరిపిన ప్రయోగంలో తొడుగు వేసుకున్నవారిలో చీలమండ గాయాలు సుమారు మూడో వంతుకు తగ్గాయి. కాని తగిలిన గాయాల తీవ్రత మాత్రం తగ్గలేదు.

సాగే టేపు

2011లో ఐస్‌లాండ్‌లో క్రిస్టీన్ బ్రీమ్, సహచరులు 30 మంది పురుష క్రీడాకారుల పాదాన్ని అకస్మాత్తుగా లోపలికి వంచి, చీలమండను కాపాడే పెరోనియస్ లాంగస్ కండరం ఎలా స్పందిస్తుందో కొలిచారు. గట్టి టేపు ఉన్నప్పుడు కండరపు స్పందన పెరిగింది. సాగే టేపు ఉన్నప్పుడు, ఏ టేపూ లేనప్పుడు తేడా కనిపించలేదు. బెణుకు జరిగే క్షణంలో అవసరమైనది ఈ స్పందనే కనుక ఈ ఫలితం ముఖ్యమైనది.

2012లో విలియమ్స్, సహచరులు క్రీడా గాయాల చికిత్స, నివారణలలో ఈ టేపు పాత్రపై అందుబాటులో ఉన్న అధ్యయనాలను సమీక్షించారు. 97 వ్యాసాలలో 10 మాత్రమే వారి ప్రమాణాలకు నిలిచాయి. ఇతర టేపులకంటే ఇది మేలైనదనడానికి నాణ్యమైన ఆధారం చాలా తక్కువగా ఉన్నదని వారు తేల్చారు. 2014లో పరేరా, సహచరులు 12 ప్రయోగాలలోని 495 మంది ఫలితాలను పరిశీలించి, ప్రస్తుత ఆధారాలు ఈ టేపు వాడకాన్ని సమర్థించడం లేదని పేర్కొన్నారు.

నమ్మకం పాత్ర

2015లో హాంకాంగ్‌కు చెందిన పరిశోధకులు ఒక ఆసక్తికరమైన ప్రయోగాన్ని ప్రచురించారు. ఈ టేపు గురించి ఏమాత్రం తెలియని 30 మందిని ఎంచుకున్నారు. వారి కళ్ళకు గంతలు కట్టి, తొడ కండరాల కదలికను కొలిచే పరికరం అంటిస్తున్నామని చెప్పి టేపు అంటించారు. తొడ బలాన్ని సరైన లాగుడుతో టేపు వేసి ఒకసారి, లాగుడు లేకుండా వేసి ఒకసారి, టేపు లేకుండా ఒకసారి కొలిచారు. మూడింటిలోనూ ఒకే ఫలితం వచ్చింది. టేపు బలాన్ని పెంచుతుందని అంతకుముందు కొన్ని అధ్యయనాలలో కనిపించిన మేలు ప్లాసిబో ప్రభావం, అనగా నమ్మకం వలన కలిగినది కావచ్చునని వారు భావించారు.

నమ్మకం వలన కలిగే ధైర్యం క్రీడలలో విలువ లేనిది కాదు. కాని తెగిన లిగమెంటు, పగిలిన ఎముక నమ్మకంతో బలపడవు.

నివారణకు ఆధారం ఉన్న పద్ధతులు

సమతుల్య వ్యాయామాలు: 2001-02 సీజనులో నెదర్లాండ్స్‌లో 116 వాలీబాల్ జట్లపై వెర్హాగెన్, సహచరులు జరిపిన ప్రయోగంలో, ఊగే బల్లపై ఒంటికాలితో నిలబడి చేసే వ్యాయామాల వలన చీలమండ బెణుకులు తగ్గాయి. ముఖ్యంగా పూర్వం బెణుకు వచ్చినవారికి మేలు కలిగింది. అయితే పూర్వం మోకాలి గాయం ఉన్నవారిలో మోకాలి నొప్పులు పెరగడం కూడా గమనించారు. కనుక అటువంటివారు వీటిని నిపుణుల పర్యవేక్షణలో చేయడం మంచిది.

నార్డిక్ హామ్‌స్ట్రింగ్ వ్యాయామం: మోకాళ్ళపై నిలబడి, సహచరుడు మడమలను గట్టిగా పట్టుకొనగా, శరీరాన్ని నిటారుగా ఉంచి నెమ్మదిగా ముందుకు వాలాలి. పడిపోకుండా తొడ వెనుక కండరాలతో వీలైనంతసేపు ఆపాలి. దీనికి ఎటువంటి పరికరమూ అవసరం లేదు. 2011లో డెన్మార్క్‌లో 942 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ళపై పీటర్సన్, సహచరులు ప్రచురించిన ప్రయోగంలో ఈ వ్యాయామం చేసిన జట్లలో 15, చేయని జట్లలో 52 హామ్‌స్ట్రింగ్ గాయాలు నమోదయ్యాయి.

ఫిఫా 11+: ఆటకు ముందు సుమారు 20 నిమిషాలపాటు చేసే సన్నాహక వ్యాయామాల క్రమం. ఇందులో పరుగు, బలం, సమతుల్యత, సరిగా దూకి దిగడం ఉంటాయి. 2008లో నార్వేలో 13 నుండి 17 ఏళ్ళ 1,892 మంది బాలికలపై సోలిగార్డ్, సహచరులు ప్రచురించిన ప్రయోగంలో మొత్తం గాయాలు సుమారు మూడో వంతు, తీవ్ర గాయాలు సుమారు సగం తగ్గాయి. కాలి గాయాలను విడిగా చూసినప్పుడు తగ్గుదల కనిపించినా అది గణాంకశాస్త్ర రీత్యా నిర్ధారణ స్థాయికి చేరలేదు.

సాధన మోతాదు: సెలవుల తరువాత లేదా గాయం తరువాత ఒక్కసారిగా పూర్తి సాధన మొదలుపెట్టకుండా క్రమంగా పెంచడం, తగినంత నిద్ర, కాలికి సరిపోయే బూట్లు వాడటం అవసరం.

అంటించే విధానం

నొప్పి ఉపశమనం కోసం టేపు వాడదలచినవారు మొదటిసారి ఫిజియోథెరపిస్టు చేత వేయించుకొని నేర్చుకోవడం మంచిది. సాధారణ నియమాలు ఇవి:

1. చర్మాన్ని సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. నూనె, క్రీము, నొప్పి తైలం ఉండరాదు. వెంట్రుకలు ఎక్కువగా ఉంటే కత్తిరించాలి.
2. టేపు మూలలను గుండ్రంగా కత్తిరించాలి. చదరపు మూలలు బట్టలకు తగిలి త్వరగా లేస్తాయి.
3. రెండు చివర్లలో 3 నుండి 5 సెంటీమీటర్లు ఏమాత్రం లాగకుండా అంటించాలి. చివర్లను లాగి అంటిస్తే చర్మంపై బొబ్బలు వస్తాయి.
4. మధ్య భాగాన్ని అవసరమైనంత మాత్రమే సాగదీయాలి. ఉదాహరణకు 20 సెంటీమీటర్ల ముక్కను 25 సెంటీమీటర్లకు సాగదీస్తే 25 శాతం లాగుడు. కండరంపై వేసేటప్పుడు 15 నుండి 25 శాతం సరిపోతుంది.
5. అంటించేటప్పుడు ఆ భాగాన్ని సాగిన స్థితిలో ఉంచాలి. పిక్కకు వేసేటప్పుడు పాదాన్ని పైకి వంచాలి. మోకాలికి వేసేటప్పుడు మోకాలిని వంచాలి.
6. అంటించిన తరువాత అరచేతితో రుద్దాలి. ఆటకు కనీసం అరగంట ముందు అంటిస్తే జిగురు చెమటకు ఊడకుండా పట్టుకుంటుంది.

పిక్కకు: ముక్కను ఒక చివర కొంత భాగం వదిలి మిగతా పొడవునా మధ్యకు చీల్చాలి. అప్పుడది పంగలకర్ర ఆకారంలో ఉంటుంది. చీల్చని భాగాన్ని మడమ అడుగున లాగకుండా అంటించి, రెండు పాయలను పిక్కకు ఇరువైపులా మోకాలి క్రిందివరకు తీసుకురావాలి.

మోకాలి చిప్పకు: చీల్చని భాగాన్ని తొడ ముందువైపున అంటించి, రెండు పాయలను చిప్పకు అటు ఇటు తిప్పి క్రింద కలపాలి. మోకాలి చిప్పను గట్టి టేపుతో ఒక ప్రక్కకు జరిపి ఉంచే పద్ధతి వేరు. దానిని ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెన్నీ మెక్కానెల్ 1980వ దశకంలో ప్రవేశపెట్టింది.

తీసేటప్పుడు స్నానం చేసి లేదా కొద్దిగా నూనె రాసి, వెంట్రుకలు పెరిగే దిశలో, చర్మాన్ని ఒక చేతితో అదిమిపట్టి నెమ్మదిగా తీయాలి. ఒక్కసారిగా లాగరాదు.

జాగ్రత్తలు

తెరచిన పుండ్లు, చర్మవ్యాధులు, ఎండకు కమిలిన చర్మంపై టేపు వేయరాదు. కాలి సిరలలో రక్తం గడ్డకట్టినట్లు అనుమానం ఉన్నప్పుడు, చర్మం క్రింద ఇన్‌ఫెక్షను ఉన్నప్పుడు, క్యాన్సరు కణితి ఉన్న చోట దీనిని వాడరాదు. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారు, ముడతలు పడి పలుచబడిన చర్మం గల వృద్ధులు వైద్యుని సలహా తీసుకోవాలి. యాక్రిలిక్ జిగురు పడనివారికి దురద, ఎర్రని దద్దుర్లు వస్తాయి. మొదటిసారి వాడేవారు చిన్న ముక్కను ఒక రోజు ఉంచి పరీక్షించుకోవాలి. టేపు క్రింద దురద, మంట, తిమ్మిరి కలిగితే వెంటనే తీసివేయాలి.

టేపుతో ఆట కొనసాగించకూడని సందర్భాలు

టేపు వలన జరిగే నష్టాలలో చర్మపు దద్దుర్లు చిన్నవి. నొప్పి కొంత తగ్గడంతో గాయం తగ్గిందని భావించి ఆడటమే పెద్ద నష్టం. క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ఆట ఆపి వైద్యుని సంప్రదించాలి.

* గాయమైన క్షణంలో లోపల ఏదో తెగినట్లు శబ్దం లేదా అనుభూతి కలగడం
* మోకాలు కొద్ది గంటలలోనే బాగా వాచడం, నడిచేటప్పుడు మోకాలు పట్టు తప్పడం
* మడమ వెనుక ఎవరో తన్నినట్లు అనిపించి, తరువాత మునివేళ్ళపై నిలబడలేకపోవడం
* రాత్రి విశ్రాంతిలో కూడా ఎముకపై ఒకేచోట నొప్పి ఉండటం
* పాదం చల్లబడటం, తిమ్మిరి ఎక్కడం, రంగు మారడం

చీలమండ గాయానికి ఎక్స్‌రే అవసరమా లేదా అని నిర్ణయించడానికి కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్, సహచరులు 1992లో కొన్ని నియమాలు ప్రచురించారు. వీటిని ఒట్టావా నియమాలు అంటారు. చీలమండకు ఇరువైపులా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనుక అంచునగాని కొననగాని నొక్కితే నొప్పి ఉన్నా, గాయమైన వెంటనే మరియు వైద్యుని వద్ద కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాలి. పాదం బయటి అంచున చిటికెన వేలి వెనుక ఎముక మొదట్లో, లేదా పాదం లోపలి వైపున ఉండే నావిక్యులర్ ఎముకపై నొక్కితే నొప్పి ఉన్నా పాదానికి ఎక్స్‌రే అవసరం. అనుభవం లేనివారు ఈ నియమాలతో తామే నిర్ధారణ చేసుకోరాదు. కాని నాలుగు అడుగులు వేయలేని ఆటగానికి టేపు వేసి బరిలోకి పంపకూడదన్న విషయం ఎవరైనా గుర్తుంచుకోవచ్చు.

తెలుగు రాష్ట్రాల క్రీడలలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో గ్రామాల నుండి ప్రొ కబడ్డీ లీగ్ వరకు కబడ్డీకి ఆదరణ కలదు. ఈ ఆటలో కూతకు వెళ్ళిన ఆటగాని చీలమండను, తొడను పట్టుకొని ఆపడం ముఖ్యమైన పట్టులు. పట్టు నుండి విడిపించుకోవడానికి శరీరం తిరుగుతుండగా పాదం కదలకుండా ఉండిపోతే మోకాలిపై మెలి పడుతుంది. ఇంతటి బలాన్ని సాగే టేపు అడ్డుకోజాలదు. నార్డిక్ వ్యాయామం, ఒంటికాలి సమతుల్యత సాధన వంటివి మట్టి బరిలో కూడా ఖర్చు లేకుండా చేయదగినవి.

బ్యాడ్మింటన్ క్రీడాకారుడు పుల్లెల గోపీచంద్ 1994లో మోకాలి లిగమెంటు తీవ్రంగా దెబ్బతిని శస్త్రచికిత్సలు చేయించుకున్నాడు. దీర్ఘకాల సాధనతో కోలుకొని 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలుచుకున్నాడు. పి.వి.సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల ఫైనలును ఎడమ కాలికి కట్టుతోనే ఆడి స్వర్ణ పతకం సాధించింది. తరువాత జరిపిన పరీక్షలలో ఎడమ చీలమండలో ఒత్తిడి పగులు ఉన్నట్లు తేలింది. దానితో ఆ నెలలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమై, 2023 జనవరిలో తిరిగి పోటీలలో పాల్గొన్నది. ఈ రెండు సందర్భాలలోనూ క్రీడాకారులను తిరిగి నిలబెట్టినవి సరైన నిర్ధారణ, విశ్రాంతి, చికిత్స, క్రమబద్ధమైన సాధన.

ఎముకలు విరిగినప్పుడు వేసే పుత్తూరు కట్టు తెలుగువారికి సుపరిచితం. దానికి సాగే టేపుకు పోలిక లేదు. కట్టు ఉద్దేశ్యం ఎముకను కదలకుండా ఉంచడం, సాగే టేపు ఉద్దేశ్యం కదలికను అడ్డుకోకపోవడం. కనుక ఎముక విరిగిందన్న అనుమానం ఉన్నప్పుడు టేపును కట్టుకు ప్రత్యామ్నాయంగా భావించరాదు.

సారాంశం

సాగే క్రీడా టేపు చవకైనది, సరిగా వాడితే హాని తక్కువ. నొప్పితో కోలుకుంటున్న క్రీడాకారునికి వ్యాయామాలు చేయడానికి అది కొంత తోడ్పడవచ్చు. కాలి గాయాల నివారణ విషయంలో మాత్రం అది వ్యాయామానికి, విశ్రాంతికి బదులు కాదు. పూర్వం బెణికిన చీలమండకు గట్టి టేపు లేక తొడుగు, అందరికీ సమతుల్య, బల వ్యాయామాలు, సాధనలో క్రమవృద్ధి మేలైన మార్గాలు.

ఇవి కూడా చూడండి

* బెణుకు
* ఫిజియోథెరపీ
* ప్లాసిబో
* కబడ్డీ
* పుత్తూరు కట్టు